గులాబీ మైనం

ఇన్సూరెన్సు సర్వేయరంటే అందరికీ ఒళ్ళు మంటే గానీ, ఈ మనిషి పాపం మంచివాడే. చెవి మీద పెన్ను, చంకలో ఫైలు పెట్టుకుని, వర్క్‌షాపులో కారు ముందు గొంతుక్కూర్చుని, పగిలిన బంపరుకీ చిట్లిన దీపానికీ ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. లేచి మోకాళ్ళు దులుపుకుని, "ఇంతకీ తప్పెవరిదండీ?" అని అడిగాడు.

కోడలు నోరు తెరిచేలోపే మామగారు అందుకున్నారు.

"నాదే బాబూ. పార్కింగులోంచి స్కూటరు వెనక్కి తోశాను. అప్పుడే మా కోడలి కారు లోపలికొస్తోంది. స్కూటరు వెనకున్న ఇనప క్యారియరు పోయి బంపరుకి తగిలింది."

"వెనక్కి చూసుకోలేదా?"

"చూడను. వింటాను. నా మెడ తిరగదు, పాతికేళ్ళ కిందట పట్టేసింది. అప్పట్నించీ ఆగి, విని, చప్పుడేమీ లేకపోతేనే వెనక్కి తోస్తాను. ఇన్నేళ్ళలో పిల్లిని కూడా తొక్కలేదు. ఇప్పుడా చెవులు కూడా పోయాయి. అలాగే రాసుకోండి."

"చెవులు పోయాయని రాయనాండీ?"

"రాయండి. ఉన్నమాటేగా."

సర్వేయరు రాసుకున్నాడు. పక్కన నిలబడ్డ కోడలు నేలకేసి చూస్తోంది. ఆయన చెవులు ఎక్కడికీ పోలేదని ఆవిడకి తెలుసు. పోయింది కారు గొంతు. దాన్ని పీకేసింది తనే. ఆ ముక్క చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు, అడిగే మనిషి ఎదురుగానే ఉన్నాడు. అయినా చెప్పలేదు.

అసలు ఈ గొడవ ఎక్కడ మొదలైందో చెప్పుకోవాలి.

కరెంటు కారుకి ఇంజను చప్పుడుండదు కదా. మెల్లగా వెళ్ళేటప్పుడు దారిన పోయేవాళ్ళకి తెలియాలని ముందువైపు ఒక చిన్న స్పీకరు పెడతారు. కారు నెమ్మదిగా కదులుతున్నంతసేపూ అది సన్నగా కూస్తుంటుంది, వేగం పెరిగితే ఆగిపోతుంది. కారు కొన్న మొదటి వారంలోనే మామగారు ఆ కూత విని మొహం చిట్లించారు.

మామగారి పని పియానోలు శ్రుతి చేయడం. నలభై ఏళ్ళుగా బడుల్లోనూ, పెద్ద హాళ్ళలోనూ, సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళలోనూ అదే పని. ఆయనవి పాము చెవులు. మూడో అంతస్తులో ఎవరింట్లో కుళాయి కారుతోందో గేటు దగ్గర నిలబడి చెప్పేవారు. అలాంటి మనిషి భోజనాల దగ్గర, "అమ్మాయ్, నీ కారు ఏ మెట్టు మీదా లేదు. రెండు మెట్ల మధ్య ఇరుక్కుని ఏడుస్తోంది. పంటినొప్పిలా ఉంది. పళ్ళ పనిదానివి కదా, నువ్వే ఏదన్నా చెయ్యకూడదూ?" అన్నారు.

కోడలు కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. చేతిపనిలో మహా నేర్పరి. కానీ కొత్త కారుని ఎవరన్నా ఒక మాటంటే ఊరుకునే రకం కాదు.

"అది చట్టం మామయ్యా, తీయకూడదు. అయినా ఎంత తియ్యగా ఉందీ! మీకు అన్నిట్లోనూ అపశ్రుతే వినపడుతుంది" అంది గొంతు పెంచి. భర్త నవ్వాడు. మామగారూ నవ్వి ఊరుకున్నారు.

ఆయన ఊరుకున్నారు గానీ, పురుగు ఆవిడ చెవిలో దూరింది. మర్నాటినుంచి కారు కదిపితే చాలు, ఆ ఏడుపు ఆవిడకీ వినపడ్డం మొదలైంది. అంతకుముందు లేనేలేదు! సందు మలుపులో ఏడుపు, గేటు దగ్గర ఏడుపు, ల్యాబు పార్కింగులో ఏడుపు. పది రోజులకి చెవిలో జోరీగై కూర్చుంది. అప్పుడైనా ఇంటికొచ్చి, "మామయ్యా, మీరన్నదే నిజం" అనొచ్చు కదా? అనదు. అభిమానం అడ్డొచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మామగారూ భర్తా ఇంట్లో లేని సమయం చూసి, ముందు చక్రం దగ్గరున్న ప్లాస్టిక్ రేకు మరలు విప్పి, చెయ్యి లోపలికి దూర్చి, స్పీకరు ప్లగ్గు పీకేసింది. వాన నీళ్ళు దిగుతాయేమోనని, ల్యాబులో చిగుళ్ళ అచ్చులకి వాడే గులాబీ రంగు మైనం తెచ్చి రెండు కొసలకీ నున్నగా పూసింది. పని అంత బాగా కుదిరినందుకు మురిసిపోయింది కూడా.

రెండ్రోజుల తర్వాత మామగారు అడిగారు.

"అమ్మాయ్, పొద్దున నీ కారు కూత వినపళ్ళేదే?"

నిజం చెబితే పోయేదేముంది? ముగ్గురూ కాసేపు నవ్వుకునేవాళ్ళు. కానీ చట్టం, చట్టం అని అరిచిన నోరు కదా, వెనక్కి తిరగలేదు. "వచ్చింది మామయ్యా. మీకు అలవాటైపోయుంటుంది" అనేసింది.

"అలాగా" అన్నారాయన.

వారం తిరక్కుండా మళ్ళీ అడిగారు. ఈసారి చెంచా కంచంలో పెట్టి, ఆవిడ మొహంలోకి చూస్తూ, "నిజంగా కూస్తోందా అమ్మాయ్?" అన్నారు.

"కూస్తూనే ఉంది మామయ్యా. ఇందాక గేటు దగ్గర కూడా."

గేటు దగ్గర కూడానట! అబద్ధానికి ఆ నగిషీ ఒకటి! ఛీ, అదేం పాడు బుద్ధో. ఆయన చిటికెన వేలితో చెవి కదుపుకుని, తల పంకించి, భోజనం ముగించి లేచారు. మూడోసారి అడగలేదు.

నెల గడిచింది. ఆవిడ ఏడింటికి వెళ్తుంది, ఆయన పదింటికి బయల్దేరతారు, కాబట్టి కారూ స్కూటరూ ఎదురుపడే అవసరమే రాలేదు. ఆ రోజు మాత్రం ఎవరికో అమర్చాల్సిన పళ్ళ సెట్టు డబ్బా ఇంట్లో మర్చిపోయి, పదింటికి వెనక్కొచ్చింది. గేటులోంచి లోపలికి తిప్పేసరికి మామగారు స్కూటరెక్కి, వెనక పనిముట్ల పెట్టె కట్టుకుని, ఆగి వింటున్నారు. ఆయన వినడం ఆవిడకి కనపడింది. ఆగే ఉంటారనుకుంది. ఎప్పుడూ అలాగే ఆగేవారు కదా. ఆయన రెండు కాళ్ళతో నేలని తన్ని వెనక్కి వచ్చేశారు. ఆవిడ బ్రేకు తొక్కేలోపే క్యారియరు మూల బంపరుని చీల్చేసింది. స్కూటరు ఒరిగి ఆయన కూలబడ్డారు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకన్నా ఏం కాలేదు.

"వినపళ్ళేదు అమ్మాయ్" అన్నారు కింద కూర్చునే. ఆ గొంతులో దెబ్బ తగిలిన బాధ లేదు. చాలారోజులుగా అనుమానిస్తున్నదానికి రుజువు దొరికిన మనిషి గొంతు అది. "నెల్లాళ్ళుగా నాకు వినపట్టం లేదు. నువ్వేమో కూస్తోందంటావు."

ఆవిడ ఆయన్ని లేపి, మోచెయ్యి కడిగి, మందు రాసింది. అసలు సంగతి మాత్రం చెప్పలేదు.

ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏది చెడినా ముందు మెయిన్ ఆపెయ్యాలంటాడు. ఆ సాయంత్రమే స్కూటరు తాళం తీసి తన సొరుగులో పడేశాడు. మర్నాడు తండ్రిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ పరీక్ష చేసి, "ఈ వయసుకి బాగానే ఉన్నాయండీ" అంది.

"వయసుకి తగ్గ చెవులతో పియానో శ్రుతి చేస్తారా అమ్మా?" అని మామగారు అడిగితే, ఆవిడ మాత్రం పాపం ఏం చెబుతుంది.

ఇంటికొచ్చి కొడుకుతోనూ కోడలితోనూ నెమ్మదిగా చెప్పారు. "మనిషి మాట ఆఖర్న పోతుందిరా. ముందు సన్నటి కూతలు పోతాయి. మా గురువుగారికీ అంతే. ఆయన ఒప్పుకోక ఇంకో రెండేళ్ళు పనిచేశారు. వెనకాల పిల్లలు నవ్వేవాళ్ళు. నాకా గతి వద్దు." పరీక్షలకి ముందు పదకొండు పియానోలు సిద్ధం చెయ్యాల్సిన సంగీతం బడికి అక్కడే ఫోను చేసి, ఇక రానని చెప్పేశారు. కోడలు వంటగదిలో కుళాయి తిప్పి నిలబడింది, ఆ మాటలు వినపడకుండా.

ఇదంతా జరిగిన మూడో రోజున, వర్క్‌షాపుకి సర్వేయరు వచ్చాడన్నమాట.

అతను రాసుకోవడం అయ్యాక కోడలి చేతికి ఒక ఫారం ఇచ్చాడు. ఆరో ప్రశ్న దగ్గర ఆవిడ పెన్ను ఆగింది. వాహనంలోని భద్రతా పరికరాల్లో యజమాని ఏమైనా మార్పులు చేశారా? అవును, లేదు, రెండు గళ్ళు. ఉన్నదున్నట్టు రాస్తే బీమా చెల్లదంటారేమో అన్న భయం ఒక పక్క. కానీ అసలు భయం అది కాదు. మామగారు పక్కనే ఉన్నారు.

"నా వల్ల నీకెన్ని తిప్పలో చూడు అమ్మాయ్" అన్నారాయన.

'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టేసింది. ఫారం మడిచి సర్వేయరు చేతికిచ్చేసింది.

ఆ వర్క్‌షాపు పెద్ద మేస్త్రిని అందరూ ఆగుమేస్త్రి అంటారు. కరెంటు కారు దగ్గరికి ఎవరు అడుగేసినా "ఆగు!" అని అరుస్తాడు. మందపాటి రబ్బరు తొడుగులు వేసుకుని, పెద్ద బ్యాటరీ లైను విడదీసి, తాళం వేసి, మీటరు పెట్టి ఎక్కడా కరెంటు లేదని చూసుకునేదాకా ఈగనైనా వాలనివ్వడు. సర్వేయరుకీ అతనికీ ఆ రోజు చిన్న యుద్ధం నడిచింది.

"అతికించి రంగేస్తే పోదా మేస్త్రీ? కొత్త బంపరెందుకు?" అన్నాడు సర్వేయరు.

"దాని వెనకాల, ముందెళ్ళే బళ్ళని చూసే రాడారుంది సారూ. అతుకు మీద మందంగా రంగేస్తే అది గుడ్డిదవుతుంది. గుడ్డి కారుకి మీ కంపెనీ పూచీ రాసిస్తుందా?"

సర్వేయరు నోరు మూసుకుని కొత్త బంపరు రాశాడు. మామగారు ఆ మేస్త్రిని మెచ్చుకోలుగా చూశారు, పని తెలిసినవాణ్ణి చూస్తే ఆయనకి ఎప్పుడూ అంతే.

మర్నాడు మధ్యాహ్నం కోడలు ల్యాబులో ఉండగా ఆగుమేస్త్రి ఫోను చేశాడు. "ఒకసారి వచ్చి వెళ్ళండమ్మా. ఫోనులో చెప్పేది కాదు" అన్నాడు. చేతిలో ఉన్న పళ్ళ అచ్చు అలాగే వదిలేసి వెళ్ళింది.

బంపరు విప్పేసిన కారు బోసినోటితో నిలబడి ఉంది. మేస్త్రి లోపలినుంచి ఒక వైరు బయటికి లాగి, దాని కొసని రెండు వేళ్ళతో పట్టుకుని చూపించాడు. మైనం గులాబీ రంగులో ఇంకా నున్నగానే ఉంది.

"ఇది కూతపెట్టే స్పీకరు ప్లగ్గు. ఊడి ఉంది" అన్నాడు.

"గుద్దినప్పుడు ఊడుంటుంది" అంది ఆవిడ. ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు.

"గుద్దితే ప్లగ్గు ఊడుతుందమ్మా, ఒప్పుకుంటాను. ఊడిన ప్లగ్గు తనకి తానే మైనం పూసుకోదు కదా?"

ఆవిడ గోటి సందులో అదే గులాబీ మైనం ఉంది, పొద్దుటి పనిది. చెయ్యి వెనక్కి పెట్టుకుంది. మేస్త్రి చూడనే చూశాడు.

"నిన్న మీతో వచ్చిన పెద్దాయన, తప్పు నాదే అన్నాడే, ఆయనేమవుతాడు?"

"మా మామగారు."

"ఊఁ" అన్నాడు మేస్త్రి. "దెబ్బకి ఊడింది, మళ్ళీ పెట్టాను అని రాయమంటారా? ఉన్నది ఉన్నట్టు రాయమంటారా? నాకేం పోదు. చెప్పండి."

"దెబ్బకి ఊడిందనే రాయండి" అంది.

అతను పాత గుడ్డ తీసుకుని మైనం తుడిచేసి, ప్లగ్గు టక్కుమని పెట్టేశాడు. అంత సులువుగా తుడుచుకుపోతుందనుకోలేదు ఆవిడ.

వెనక్కి వస్తూ బస్సులో తనకి తనే సర్దిచెప్పుకుంది. స్పీకరు మళ్ళీ పెట్టేశారు కదా. కారు ఇంటికి రాగానే మామయ్యకి కూత వినపడుతుంది. వినపడితే చెవులు బాగానే ఉన్నాయని ఆయనకే తెలుస్తుంది. అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి, ఎవరి పరువూ పోదు. ఎంత చక్కని ఏర్పాటో చూడండి! చెప్పాల్సిన మనిషి చెప్పకుండా, ఆ పని కారుకి అప్పజెప్పింది.

బంపరు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ తొమ్మిది రోజులూ ఆవిడ మామగారికి ఏం చేసిందో చెప్పాలంటే పెద్ద జాబితా అవుతుంది. చొక్కాలు ఇస్త్రీ చేసింది, కాళ్ళకి కొత్త చెప్పులు తెచ్చింది, ఆయన అడక్కుండానే గంటకోసారి టీ పెట్టింది. మొగుడు, "ఏమోయ్, మా నాన్న మీద ఇంత ప్రేమ ఎప్పట్నించి?" అని ఆటపట్టించాడు. మామగారేమో, "పోనివ్వరా, చెవిటివాడినని జాలిపడుతోంది పిల్ల" అన్నారు. ఆ మాట విని ఆవిడ ఇంకో టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఆరో రోజున ఆయన పాత శిష్యురాలు వచ్చింది. ఇప్పుడు ఆవిడా సొంతంగా పియానోలు శ్రుతి చేస్తోంది. సంగీతం బడి పదకొండు పియానోలూ ఆవిడకే వెళ్ళాయి. మామగారు పనిముట్ల పెట్టె ఆవిడ ముందు పెట్టి తెరిచారు. తీగల మేకులు తిప్పే పిడి, తీగల మధ్య దూర్చే ఊలు పట్టీలు, రబ్బరు ముక్కలు, అన్నీ వాటి వాటి గూళ్ళలో ఉన్నాయి. చివర్న శ్రుతి సరిచూసుకునే ట్యూనింగ్ ఫోర్కు తీసి, మోకాలి మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు.

"వినపడుతోందా గురువుగారూ?" అంది శిష్యురాలు ఆశగా.

"వినపడుతోందమ్మా. కానీ ఇది నిజంగా వినపడుతోందో, నలభై ఏళ్ళుగా విని విని గుర్తుండిపోయిందో నాకెలా తెలుస్తుంది? కూస్తున్న కారే వినపడనివాడికి." ఫోర్కు పెట్టెలో పెట్టి మూత వేశారు. "తీసుకెళ్ళు. నా దగ్గరుంటే మళ్ళీ పనికి వెళ్ళాలని బుద్ధి పుడుతుంది."

శిష్యురాలు కళ్ళు తుడుచుకుంటూ పెట్టె తీసుకెళ్ళింది. కోడలు టీ కప్పులతో గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఎవరో గొంతు పట్టుకుని ఊపుతున్నట్టే ఉంది. కక్కలేక మింగలేక, టీ చల్లారిపోయేదాకా అలాగే నిలబడింది. ఇంకో మూడు రోజులే కదా, కారొచ్చేస్తుంది కదా అనుకుంది.

కారొచ్చింది. కొత్త బంపరు, కొత్త దీపం, రాడారు సరిగ్గా చూస్తోందని ఆగుమేస్త్రి ఇచ్చిన కాయితం. తాళం చేతిలో పెడుతూ అతను, "కూత బాగా వస్తోందమ్మా" అన్నాడు, అంతే. ఆవిడ దారి పొడుగునా ఆ ఏడుపు వింటూ వచ్చింది. మొదటిసారి అది ఆవిడ చెవికి హాయిగా ఉంది. సందు మలుపులో వేగం బాగా తగ్గించి, కావాలనే మెల్లగా గేటులోకి తిప్పింది.

మామగారు వరండాలో కుర్చీలో ఉన్నారు. మెడ తిరగదు కాబట్టి, మనిషంతా తిరిగి లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్! వినపడింది!"

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. కారు ఆపి ఒక్క గెంతున దిగింది. ఆయన మెట్లు దిగి దగ్గరికొచ్చి, కారు ముందు భాగం మీద అరచెయ్యి పెట్టారు. కళ్ళలో నీళ్ళున్నాయి.

"గట్టిగా పెట్టించావు కదూ?" అన్నారు.

"ఏంటి మామయ్యా?"

"కూత. నాకోసం గట్టిగా పెట్టించావు. చెవిటి మామ ఉన్నాడని మేస్త్రితో చెప్పి చేయించుంటావు. అందుకే కదా ఇన్నాళ్ళు పట్టింది? నాకు తెలుసులే. నువ్వు నోటితో చెప్పవు గానీ, మనసు పెడతావు." ఆయన అరచేత్తో బంపరు మీద తట్టారు. "తియ్యగా ఉందని నువ్వన్నా, ఆ ఏడుపు నీకెంత చిరాకో కూడా నాకు తెలుసు. నాకోసం భరిస్తున్నావు చూడు. కన్నకూతురు కూడా ఇంత చెయ్యదు."

అయిపోయింది. ఆవిడ కట్టుకున్న చక్కని ఏర్పాటంతా ఒక్క మాటతో కూలిపోయింది. ఆయన చెవులు బాగయ్యాయని అనుకోవడం లేదు. చెవిటితనానికి దయ దొరికిందనుకుంటున్నారు. ఇప్పుడు ఊరుకుంటే ఈ మనిషి బతికినన్నాళ్ళూ తనకి చెవుడనే అనుకుంటాడు, బతికినన్నాళ్ళూ కోడలికి కృతజ్ఞత చెబుతాడు. ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"గట్టిగా పెట్టించలేదు మామయ్యా" అంది. "ఎప్పుడూ ఉన్నంతే ఉంది. మధ్యలో లేదు. నేనే పీకేశాను."

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ మొదటినుంచీ చెప్పింది. ఆదివారం సంగతి, ప్లగ్గు సంగతి, మైనం సంగతి, ఫారంలో పెట్టిన టిక్కు సంగతి, మేస్త్రిని రాయమన్న అబద్ధం సంగతి. ఏడుస్తూ చెప్పింది, ముక్కు చీదుకుంటూ చెప్పింది, ఏదీ దాచలేదు. ఆయన బంపరు మీదనుంచి చెయ్యి తీసేశారు.

"మీ చెవులకేం కాలేదు మామయ్యా. ఆ నెల్లాళ్ళూ కారు నిజంగానే కూయలేదు."

ఆయన అడిగారు.

"నేను నిన్ను అడిగాను కదా?"

"అడిగారు."

"రెండుసార్లు."

"రెండుసార్లు మామయ్యా."

"చెవి, కూత లేదంది. నువ్వు ఉందన్నావు." ఆయన గొంతు పెంచలేదు. పెంచుంటే ఆవిడకి కొంత బాగుండేది. "నలభై ఏళ్ళు ఆ చెవి పెట్టిన తిండే తిన్నాను. దాన్ని కాదని నీ మాట నమ్మాను."

ఆవిడ కాళ్ళ మీద పడబోయింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఆ సర్వేయరు కాయితంలో నాకు చెవులు పోయాయని ఉంది" అన్నారు. "దాన్ని కొట్టేయించు."

ఆవిడ అక్కడే నిలబడి ఫోను చేసింది. సర్వేయరు అంతా విని, "ఏంటమ్మా ఇది, ఫైలు మూసేశాక! ఇప్పుడు మార్పులు చేశానని రాస్తే మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది. చెల్లుతుందో చెల్లదో నేను చెప్పలేను" అన్నాడు.

"రానివ్వండి. తప్పు నాదని రాసుకోండి. మా మామగారి చెవులు బాగున్నాయని కూడా రాసుకోండి."

"అది రాయడానికి గడి లేదమ్మా."

"ఎక్కడో ఒకచోట రాయండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అంది. అతను సరే, రేపు రమ్మన్నాడు.

ఫోను పెట్టేసేసరికి మామగారు చెయ్యి చాపి ఉన్నారు. "స్కూటరు తాళం" అన్నారు. ఆవిడ పరుగున లోపలికెళ్ళి మొగుడి సొరుగులోంచి తెచ్చి ఇచ్చింది.

"పనిముట్లకోసమా మామయ్యా? నేను తీసుకెళ్తాను, కారులో కూర్చోండి. లేదా నేనే వెళ్ళి తెస్తాను."

"వద్దు. నేనే వెళ్తాను. ఆ పదకొండు పియానోలు ఇక నా శిష్యురాలివే, మాటిచ్చేశాను. పెట్టె మాత్రం తెచ్చుకుంటాను."

ఆయన స్కూటరు మీది దుమ్ము చేత్తో తుడిచి ఎక్కి కూర్చున్నారు. వెనక్కి తోసే ముందు ఎప్పటిలాగే ఆగారు. ఆవిడ గబగబా గేటు దాకా వెళ్ళి వీధికి రెండు పక్కలా చూసింది. ఒక సైకిలు కూడా లేదు.

"ఎవరూ లేరు మామయ్యా, వచ్చెయ్యండి!" అంది.

ఆయన రాలేదు. స్కూటరు దిగి, స్టాండు వేసి, నడుచుకుంటూ గేటు దాకా వచ్చారు. ఆవిడ పక్కనే నిలబడి, మనిషంతా ఒకవైపు తిరిగి వీధి చూశారు, మనిషంతా రెండోవైపు తిరిగి చూశారు. ఎవరూ లేరు. వెనక్కెళ్ళి స్టాండు తీసి, స్కూటరు బయటికి తోసుకుని వెళ్ళారు.